మీజే చదివిన మొదటి వాక్యం

మా చెల్లెలు మీజేకు ఆరేళ్ళప్పుడు మా నాన్న లవంగం చెట్టు మీంచి పడి నడుము పోగొట్టుకున్నాడు. అప్పుడు నాకు పద్నాలుగు. అమ్మ కర్రపెండలం వేయించి వేటే అనే ఊరి రేవు దగ్గర అమ్మడానికి పొద్దున్నే పోవాలి. నాన్నను పక్కకు తిప్పడానికి, మీజేకు తల దువ్వి బడికి పంపడానికి ఇంట్లో ఒకరుండాలి. ఆ ఒకరు నేనయ్యాను. నా బడిసంచీ ఆ ఏడు మీజే భుజానికెక్కింది.

నేను తరగతిలో మొదటి ముగ్గురిలో ఉండేదాన్ని. బడికి పోకముందే, ఆడవాళ్ళు తాళ్ళ మీద ఆరేసిన కాంగా గుడ్డలు చూసి చదవడం నేర్చుకున్నాను. మా దగ్గర ఆడదానికి నడుముకో కాంగా, తలకో కాంగా. ప్రతి కాంగా కింది అంచుకు కాస్త పైన పెద్ద అక్షరాలతో ఒక మాట అచ్చువేసి ఉంటుంది. నోటితో అనలేని మాట మా ఆడవాళ్ళు కాంగాతో అంటారు. సవతి గుమ్మం ముందు నుంచి ఎవరు ఏ కాంగా కట్టుకుని నడిచారన్నదాని మీద, ఏళ్ళ తరబడి పలకరింపులు మానుకున్న ఇళ్ళు మా వీధిలోనే మూడున్నాయి. అమ్మకు ఖురాను అక్షరాలు వచ్చుగాని కాంగా అక్షరాలు రావు. అందుకని ఎవరైనా తనకు కాంగా ఇస్తే, "జువేనా, ఇది దీవెనా, తిట్టా చూడవే," అని నన్నే పిలిచేది.

బడి మానేసినప్పుడు నా కోసం ఏ టీచరూ ఇంటికి రాలేదు. వారం రోజులు గుమ్మం వైపు చూశాను. తర్వాత చూడడం మానేశాను.

మీజే సంగతి వేరు. ఐదేళ్ళప్పుడు అమ్మ అల్లుతున్న చాప పక్కన కూర్చుని, "అమ్మా, ఆ ఏడో వరసలో ఎర్ర ఈన ఒకటి ఎక్కువ పడింది," అంది. అమ్మ నవ్వింది. లెక్కపెట్టి చూసి నవ్వు ఆపింది. ఆ పూట చాప సగం విప్పాల్సి వచ్చింది. లవంగాల కాలంలో ఎండబెట్టిన చాపల మధ్య నడుస్తూ, ఎవరి చాప మీద ఎన్ని డబ్బాల లవంగాలున్నాయో చెప్పేది. కొలిస్తే సరిగ్గా అంతే ఉండేవి. ఖురాను బడిలో ఒకసారి వింటే చాలు, పూర్తిగా అప్పజెప్పేది. కానీ ఉస్తాదు గారు ఒకనాడు ఆమె వేలు ఎక్కడుందో చూశారు. నోరు ఒక వరసలో ఉంటే వేలు ఇంకో వరసలో ఉంది.

"ఇదేం అక్షరం?" అని అడిగారు.

మీజే వేలు వెనక్కి తీసుకుంది.

"ఇంతసేపు చదివినదంతా?"

"విన్నదండీ."

నటిస్తున్నావని అరచేతి మీద రెండు వేశారు. సర్కారు బడిలోనూ అంతే. నోటితో అడిగితే భిన్నాలు కూడా చెప్పేస్తుంది. కాగితం ముందు పెడితే తలనొప్పి అంటుంది, కడుపునొప్పి అంటుంది, బయటికెళ్ళాలంటుంది. నాలుగో తరగతి రెండుసార్లు తప్పింది. తోటిపిల్లలు ఆమెకు 'బరువు' అని పేరు పెట్టారు, బల్లకు బరువని.

నిజం చెప్పాలంటే, ఆ రెండేళ్ళూ నాకు హాయిగానే ఉంది. సాయంత్రం అది ఏడుస్తూ వస్తే కన్నీళ్ళు తుడిచి, దగ్గర కూర్చోబెట్టుకుని దాని పుస్తకం నేను చదివిపెట్టేదాన్ని. చదువు పోయినా పుస్తకం నా ఒళ్ళోనే ఉంది. "అక్కా, నువ్వు నా కళ్ళు," అనేది.

మూడోసారి నాలుగో తరగతిలో కూర్చున్న ఏడు హిదాయా టీచరు వచ్చింది.

ఆమెది జాంజిబారు పట్నం. పిల్లలు కలగలేదని మొగుడు విడాకులిచ్చాక, బదిలీ అడిగి మా దీవికి వచ్చిందని అందరికీ తెలుసు. ఎవరూ ఆమె ముందు అనరు, అంతే. ఒక శుక్రవారం నమాజయ్యాక మా ఇంటికొచ్చి చాప మీద కూర్చుంది. నేను కాఫీ పెట్టి తెచ్చాను.

"మీ మీజే గురించి మాట్లాడదామని వచ్చానమ్మా," అంది అమ్మతో.

"మళ్ళీ ఏం చేసింది?"

"ఏం చేయలేదు. నిన్న బోర్డు మీద ఏడో తరగతి లెక్క ఒకటి పొరపాటున మిగిలిపోయింది. నేను చదివి వినిపిస్తే జవాబు చెప్పింది."

మంచం మీంచి నాన్న అందుకున్నాడు. "లెక్కలు రాకేం టీచరుగారూ. దీన్ని చూస్తే మా వీధి చేపలవాడు బుట్ట నెత్తికెత్తుకుని అడ్డదారిన పోతాడు."

"మొద్దని మీ బడివాళ్ళే కదా రాసి పంపారు," అంది అమ్మ. ఆమె గొంతులో రెండేళ్ళ కోపం ఉంది.

"మొద్దు కాదమ్మా. తెలివి ఒకచోట నిండుగా ఉంది. అక్షరాలు మాత్రం కంటి ముందు నిలబడవు, తిరగబడతాయి. పట్నంలో మాకు దీని మీద శిక్షణ ఇచ్చారు. ఇలాంటి పిల్లలకు బలమున్నచోట బరువు పెట్టాలి, కుంటుతున్నచోట కర్ర ఇవ్వాలి. మేము రెండూ తారుమారు చేస్తున్నాం. లెక్కలు తేలికవి ఇచ్చి, చదవడం అందరితో సమానంగా చదవమంటున్నాం."

కాఫీ గిన్నె అందుకుంటూ నన్ను చూసింది. "ఈ అమ్మాయి?"

"పెద్దది, జువేనా. ఇది బాగా చదివేది," అంది అమ్మ.

"అలాగా," అంది టీచరు. కాఫీ బాగుందని కూడా అంది. మళ్ళీ మీజే వైపు తిరిగింది.

ఆ 'అలాగా' నా చెవిలో చాలాకాలం ఉండిపోయింది.

తర్వాతి సోమవారం నుంచి రోజూ సాయంత్రపు అసర్ నమాజు తర్వాత సముద్రపు ఒడ్డున పాఠం. ఆడపిల్లను ఒంటరిగా పంపకూడదని నన్ను తోడు పంపేవారు. నేను బోర్లించిన పడవ నీడలో కూర్చుని కొబ్బరిపీచు పేనుకునేదాన్ని. టీచరు తడి ఇసుకలో మూరెడంత అక్షరం గీసేది. మీజే దాని మీద నడుస్తూ ఆ శబ్దం పలకాలి. తర్వాత వేలితో రాయాలి. తర్వాత కళ్ళు మూసుకుని రాయాలి. పుస్తకం కోసం ఒక అట్టముక్కకు సన్నటి కిటికీ కోసి ఇచ్చింది. దాన్ని వరస మీద పెట్టి జరిపితే ఒక్కొక్క ముక్కే కనబడుతుంది, మిగతా అక్షరాలు కంటిమీదికి దూకవు. మధ్యమధ్యలో బహుమానంలా ఒక కష్టమైన లెక్క ఇచ్చేది. మీజే ఆ లెక్క కోసం ఆవురావురుమంటూ అక్షరాలు మింగేది.

ఇసుకలో టీచరు గీసిన ప్రతి అక్షరం నాకు వచ్చు. అడిగితే చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు. మీజే ఒక్క ముక్క సరిగ్గా పలికితే టీచరు దాని తల మీద చెయ్యి వేసి నిమిరేది. నేను పుస్తకాలకు పుస్తకాలు చదివినప్పుడు నా తల మీద ఏ చెయ్యీ పడలేదు. వచ్చినదాన్ని ఇంట్లో కూర్చోబెట్టారు, రానిదాన్ని ఇసుకలో నడిపిస్తున్నారు. దేవుడి లెక్క ఇదేనా అనుకుంటూ పీచు పేనేదాన్ని. ఇంటికొచ్చి చూస్తే తాడు మధ్యమధ్యలో మరీ బిగుసుకుని ఉండేది.

ఇంట్లో కూడా మార్పొచ్చింది. సాయంత్రం, "అక్కా చదువు," అనడం తగ్గింది. "ఉండక్కా, నేను ప్రయత్నిస్తా," అనడం మొదలైంది. అట్టముక్క జరుపుకుంటూ, చెమటలు కక్కుతూ గంటకు రెండు ముక్కలు కూడబలుక్కునేది. నేను ముందే చెప్పేయబోతే, "చెప్పకు!" అని నా నోరు మూసేది. అమ్మ చేప తోక దానికి దాచడం మొదలుపెట్టింది, మెదడుకు మంచిదట.

రంజాను నెలలో హెడ్మాస్టరు గారు తేల్చి చెప్పారు. పండుగ తర్వాత మూడో వారంలో పరీక్ష. మీజే ఈసారీ తప్పితే పేరు కొట్టేస్తారు. కుట్టుపనో, మొగుడో ఇంట్లోవాళ్ళు చూసుకోవాలి. టీచరు ఒకటే కోరింది. ప్రశ్నలు ఎవరైనా చదివి వినిపిస్తే మీజే నోటితో జవాబు చెబుతుంది, అలా అనుమతించమని. హెడ్మాస్టరు ఆలోచిస్తానన్నారు. పండుగయ్యాక వచ్చి మాట్లాడమన్నారు. అంటే అంతా హిదాయా టీచరు నోటి మీదే ఆధారపడి ఉంది.

మీజే ఆ కాలంలో లవంగాలు ఒలిచి సంపాదించుకున్న డబ్బుతో పండుగకు టీచరుకు కాంగా పెడతానంది. అమ్మ మురిసిపోయింది. నన్ను తోడిచ్చి బజారుకు పంపింది. అంగట్లో పండుగ ముందటి తోపులాట.

"మాట చూసుకుని తీసుకోండమ్మా," అని అరుస్తున్నాడు అంగడివాడు. "అత్తకు పెట్టి తన్నులు తిని నా దగ్గరికి రావద్దు. పండుగయ్యాక వెనక్కి తీసుకోను."

మీజే మాటలు చూడదు కదా. గుట్టలోంచి ఒకటి లాగింది. నీలం మీద నారింజ. "అక్కా, ఈ నడిమి పువ్వు చూడు. ఎటు తిప్పినా అదే. నాలుగు మూలలూ చూడు, ఒక్కోటి పావు చుట్టు తిరిగాయి. దీన్ని గీసినవాడు గొప్పవాడక్కా!" దాని కళ్ళు మెరుస్తున్నాయి. "ఏం రాసుంది?"

నేను చూశాను. నీ ఇంట లేనిది నా ఇంట వెతకకు.

ఆ కాంగా నేను వెతికి తీయలేదు. అది మాత్రం ఒట్టు. కానీ చదవగానే, ఆరు నెలలుగా నా కడుపులో ఉన్న మాటను ఎవరో అచ్చువేసి అమ్ముతున్నారనిపించింది.

"అక్కా, ఏం రాసుంది?"

"మంచి మాటే," అన్నాను.

పండుగ రెండోనాడు ఇద్దరం టీచరు ఇంటికి వెళ్ళాం. ముందు గదిలో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నలుగురున్నారు. మీజే రెండు చేతులతో పొట్లం అందించింది. టీచరు విప్పింది. ముందు పువ్వు చూసి నవ్వింది. తర్వాత అంచు చూసింది. ముఖంలో ఏమీ మారలేదు. చేతులు మాత్రం కాంగాను మళ్ళీ మడిచాయి, అక్షరాలు లోపలికి పోయేలా.

"ఏం రాశారే, చూపించు," అంది ఒక ముసలామె.

"పెద్ద విశేషం లేదు పిన్నీ." మీజే వైపు చూసి, "పువ్వు చాలా బాగుంది," అంది. మాకు హల్వా పెట్టింది. నేను తినలేకపోయాను. మీజే నాది కూడా తింది.

మర్నాడు పక్కవీధి పిల్ల ఒకతి ఆ కాంగాను కాగితంలో చుట్టి తెచ్చి ఇచ్చింది. "టీచరుగారికి ఒంట్లో బాగాలేదట. పాఠాలుండవట. ఇది మీ ఇంట్లోనే ఉండాల్సిందట," అని అప్పజెప్పి పోయింది. మా ఊళ్ళో మాట చూడకుండా కాంగా పెట్టేవాళ్ళుండరు. మీజే చేత మా అమ్మే ఆ మాట పంపించిందని టీచరు అనుకుని ఉంటుంది. నేనైనా అలాగే అనుకునేదాన్ని.

అమ్మకు ఏం అర్థం కాలేదు. "రంగు నచ్చలేదేమో. పట్నంవాళ్ళు," అంది. మీజే దాన్ని తలకింద పెట్టుకుని పడుకుంది.

నేను రెండు రోజులు ఆగాను. మూడోనాడు టీచరు ఇంటికి బయల్దేరాను. 'తప్పు నాది, మా అమ్మది కాదు, మీజేది కాదు' అని దారంతా లోలోపల అనుకుంటూ పోయాను. తలుపు తీసింది టీచరే.

"ఏం జువేనా?"

ఆమె నా పేరు గుర్తుపెట్టుకుందని అప్పుడే తెలిసింది. దాంతో తెచ్చుకున్న మాటలన్నీ పోయాయి. "ఒంట్లో ఎలా ఉందో కనుక్కోమంది అమ్మ," అన్నాను.

"బాగానే ఉంది. చెప్పు మీ అమ్మకు," అని తలుపు దగ్గరగా వేసింది.

పరీక్ష ఇంకా పన్నెండు రోజులుంది. సముద్రపు ఒడ్డుకు పోవడం లేదు కాబట్టి సాయంత్రాలు మీజే వెనక గదిలో తలుపు వేసుకుని కూర్చునేది. ఏడుస్తోందనుకున్నాను. మనసులో ఒక మూల, మళ్ళీ నా ఒళ్ళోకి వస్తుందిలే అనుకున్నాను కూడా. ఆ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

నాలుగో సాయంత్రం నేను వంటింట్లో కొబ్బరి కోరుతుంటే మీజే వచ్చి ఎదురుగా కూర్చుంది. చేతిలో కాంగా, అట్టముక్క. కాంగా మోకాళ్ళ మీద పరిచి, అట్ట కిటికీని మొదటి అక్షరం మీద పెట్టింది.

"నీ," అంది. జరిపింది. "ఇం... ఇంట."

నా చెయ్యి ఆగిపోయింది.

"లే. లేని. లేనిది." ఇంకా జరిపింది. పై పెదవి మీద చెమట పట్టింది. కాంగా అక్షరాలు పెద్దవి, విడివిడిగా ఉంటాయి, అందుకే తిరగబడలేదేమో. "నా ఇంట. వె, వెత... వెతకకు."

అట్ట పక్కన పెట్టింది. మళ్ళీ మొదటి నుంచి ఒక్క ఊపిరిలో చెప్పింది. "నీ ఇంట లేనిది నా ఇంట వెతకకు."

పుట్టి బుద్ధెరిగాక అది ఎవరి సాయమూ లేకుండా చదివిన మొదటి వాక్యం అదే.

"నువ్వు చదివావు కదక్కా," అంది. "అంగట్లో."

"చదివాను."

"మంచి మాటే అన్నావు."

కొబ్బరికోరు మీద ఈగ వాలితే తోలాను. మీజే అరవలేదు, ఏడవలేదు. లెక్క తప్పినచోట చూసినట్టు కాసేపు నా ముఖంలోకి చూసింది. తర్వాత కాంగా చంకలో పెట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది.

టీచరు ఇంట్లో ఏం జరిగిందో మర్నాడు టీచరే మా అమ్మకు చెప్పింది. మీజే గుమ్మంలోనే నిలబడి ఆ వాక్యం చదివి వినిపించిందట. "నాకు చదవడం రాక ఇది కొన్నాను టీచర్. ఇప్పుడు చదివాను. ఇది నా మాట కాదు," అందట.

"కొనేటప్పుడు ఎవరినైనా అడగలేదా అన్నాను. అడగలేదు అంది," అని చెప్పి టీచరు నా వైపు చూసింది. "పువ్వు గురించి అంత అడిగే పిల్ల, మాట గురించి అడగకుండా ఉంటుందా, జువేనా?"

అమ్మ ఆ చూపు చూడలేదు. కాంగా మీదున్న మాట విని తల బాదుకుంటూ, క్షమించమని టీచరు చేతులు పట్టుకుంటోంది. నేను నేల చూశాను. టీచరు రెట్టించలేదు.

ఆ రోజే మీజేను, నన్ను వెంటబెట్టుకుని హెడ్మాస్టరు గదికి పోయింది. ఆయన మీజే కాంగా చదివిన కథ విని చేతులు చాచారు.

"చదవడం వచ్చేసిందిగా! ఇంక చదివిపెట్టేవాళ్ళెందుకు?"

"నాలుగు రోజులకు ఒక వాక్యం సార్," అంది టీచరు. "మీ ప్రశ్నపత్రంలో నలభై ఉన్నాయి. నూట అరవై రోజులు పరీక్ష పెడతారా?"

ఆయనకు నవ్వొచ్చింది. నవ్వాక కాదనడం కుదరలేదు. "సరే. కానీ చదివేది మన బడి టీచరై ఉండకూడదు. సైగలు చేశారంటారు. బయటివాళ్ళెవరైనా, స్పష్టంగా చదివేవాళ్ళను చూడండి."

టీచరు నా భుజం మీద చెయ్యి వేసింది. మొదటిసారి. "ఇంట్లోనే ఉంది కదా సార్. ఐదేళ్ళుగా చదివిపెడుతున్నది ఈ అక్కే."

తెలిసి కూడా అలా అంది. నాకు దారి వదిలిందని ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు మాత్రం, మళ్ళీ బడి గదిలో కూర్చుంటాను, నా గొంతు ఆ గోడలకు వినబడుతుంది, అదొక్కటే తెలిసింది.

"అక్క వద్దు," అంది మీజే.

"ఎందుకమ్మా?" అని హెడ్మాస్టరు అడిగారు.

మీజే నన్ను చూడలేదు. "అక్క వద్దు," అని మళ్ళీ అంది, ఇంకా మెల్లగా.

టీచరు చెయ్యి నా భుజం మీంచి లేచింది.

సౌమును పిలిచారు. సౌము నాతో కలిసి చదివినది. నా వెనక బల్లలో కూర్చుని నా జవాబులు చూసి రాసుకునేది. ఇప్పుడు టీచరు శిక్షణకు పట్నం వెళ్ళి సెలవులకు వచ్చింది. కొత్త బురఖా, చేతిలో పెన్ను. "ఏం జువేనా, చిక్కిపోయావే," అని పలకరించింది. బాగున్నానన్నాను.

పరీక్ష నాడు నేను మీజేకు మధ్యాహ్నం తినడానికి కొబ్బరిపాల రొట్టె పట్టుకుని వరండాలో కూర్చున్నాను. కిటికీ తెరిచి ఉంది. సౌము చదువుతోంది. ఆగాల్సినచోట ఆగదు. భిన్నాలు చదివేటప్పుడు పైదీ కిందదీ కలిపేస్తుంది. మీజే ఓపికగా, "మళ్ళీ చదువక్కా," అంటోంది. అక్కా అంటోంది సౌమును. నేను బయట కూర్చుని ప్రతి ప్రశ్నా పెదవులతో సరిగ్గా చదివాను, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి. గోడకు ఇవతల ఎవరికీ వినబడలేదు.

మీజే పాసయింది. లెక్కల్లో బడికంతా మొదట నిలిచింది. ఒక్కటి తప్పు పోయిందట. సౌము కలిపేసి చదివిన భిన్నమే అయి ఉంటుందని నాకు గట్టి నమ్మకం. అమ్మ వీధంతా రొట్టెలు పంచింది. నేనే కాల్చాను, నూట ఇరవై. కాలుస్తూ ఆ తప్పు గురించి సంతోషపడ్డాను. తర్వాత సంతోషపడినందుకు పెనం మీద వేలు కాల్చుకున్నాను, కావాలనే కాదులెండి.

దీనికి రెండేళ్ళయింది. మీజే ఇప్పుడు ఆరో తరగతి. అట్టముక్కతో రోజుకో పేజీ చదువుతుంది. చదువుతూ పెదవి కొరుక్కుంటుంది. ఏడో తరగతి పిల్లలు లెక్కల కోసం దాని చుట్టూ మూగుతారు. 'బరువు' అన్న పేరు ఎవరికీ గుర్తులేదు. ఇంట్లో నాతో బాగానే ఉంటుంది. తల దువ్వించుకుంటుంది, నా చేత చేపముల్లు తీయించుకుంటుంది. పరీక్ష వస్తే మాత్రం సౌమునే. ఇప్పుడు సౌము మా దీవిలోనే వేరే బడిలో టీచరు. సైకిలు మీద వస్తుంది.

మొన్న పరీక్ష నుంచి వచ్చాక, ఎంతో ఆపుకున్నాను కానీ అడిగేశాను. "సౌము నాకంటే బాగా చదువుతుందా?"

మీజే చేతులు కడుక్కుంటోంది. "లేదక్కా. నీ అంత బాగా ఎవరూ చదవరు," అంది. గుడ్డకు చేతులు తుడుచుకుంది. "కానీ సౌము అక్క ఉన్నదే చదువుతుంది."